జమాలన్న పక్క సీటు

మొక్కు తీర్చుకున్నాక కూడా ఇంకా ఏదో బాకీ మిగిలి ఉంటుందా? మా నాగజ్యోతి పుట్టిననాటి నుంచి నన్ను వదలని సందేహం ఇది.

ఆ రోజు ఆత్మకూరులో పొద్దుటి నుంచి ఒకటే వాన. నా భార్య శివలీలకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే కర్నూలు తీసుకుపొమ్మన్నారు ఊరి ఆస్పత్రిలో. వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయి. మహానందీశ్వరుడికి తలనీలాలు మొక్కుకుంటూ రోడ్డు మీద నిలబడితే, మా వీధి చివర ఉండే జమాల్ బాషా జీపు ఆపాడు. బండిలోని వెదురు బొంగులన్నీ రోడ్డు పక్కన పారేసి శివలీలను పడుకోబెట్టాడు. ప్రతి వాగు దగ్గరా దిగి, మొలలోతు నీళ్లలో తానే ముందు నడిచి చూసి, మళ్లీ వచ్చి బండి నడిపాడు. తల్లీబిడ్డా దక్కారు.

ఆస్పత్రి ముందు నేను జేబులో చెయ్యి పెడితే ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"దుడ్లు వద్దప్పా. నా బతుకంతా స్టీరింగు ముందరే అయిపోతాండాది. ఒకనాడు నువ్వు తోలు, నేను పక్కన కూచోని ఊర్లు సూసుకుంటా వస్తా. సరిపోతాది."

మహానంది పోయి గుండు చేయించుకున్నాను. మొక్కు చెల్లిందన్నారు పూజారి గారు. మరి ఆ వానలో స్వామి పంపిన మనిషి మాటేమిటని అడిగితే, నవ్వి తీర్థం పోశారు. తర్వాత నేను ఎరువుల అంగడి పెట్టుకున్నాను, బొలెరో కొన్నాను. జమాలన్నను ఎన్నిసార్లు ఎక్కమన్నా ఆయన ఎక్కేది స్టీరింగు వైపే.

"నువ్వు తోల్తే నాకు కడుపులో తిప్పుతాది, జరుగు" అనేవాడు. ఇంకొకరు నడిపే బండిలో పక్కన కూర్చోవడం ఆ మనిషికి చేతకాదు.

పోయిన ఏడు ఆయన కళ్లకు జబ్బు చేసింది. ఉన్న చూపు కూడా మెల్లగా పోతుందన్నాడు కర్నూలు డాక్టరు. జమాలన్న జీపు అమ్మేశాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన కొన్నాళ్లు మస్కట్లో నీళ్ల ట్యాంకరు నడిపాడు. అక్కడి నుంచి సూర్ అనే ఊరికి పోయే దారిని ఎప్పుడూ తలుచుకునేవాడు. ఒక పక్క ఎండిన కొండలు, ఒక పక్క సముద్రం.

"అచ్చం మన ఎర్రగుట్టల కింద సముద్రం పెట్టినట్ల ఉంటాదప్పా. కండ్లు పోకముందు ఒక్కతూరి సూడల్ల."

"నేను తోల్తా, పోదాం పా అన్నా" అన్నాను.

నంద్యాల ఆర్టీవో ఆఫీసులో విదేశాల్లో బండి నడిపే పర్మిటు తీసుకున్నాను. నాగజ్యోతి ఒకటే పోరింది: "నాన్నా, ఆడ బండి బాడిగకు ఈయాలంటే క్రెడిట్ కార్డు అడుగుతారు. ఒకటి తీస్కోండి." చేతిలో డబ్బుండగా అప్పు కార్డు ఎందుకమ్మా అన్నాను. అప్పు లేకుండా బతికానని నాకు కొంచెం గర్వం.

ఆ గర్వం మస్కట్ విమానాశ్రయంలో దిగింది. నా బ్యాంకు కార్డు చూపించాను, పర్మిటు చూపించాను. కౌంటరులోని అమ్మాయి హిందీలో ఎంతో మర్యాదగా చెప్పింది: బండికి ఏమైనా అయితే సొమ్ము పట్టుకోవడానికి క్రెడిట్ కార్డే కావాలట, అదీ నడిపేవాడి పేరు మీదే ఉండాలట. పక్క కౌంటరులోనూ అదే మాట.

జమాలన్న పగలబడి నవ్వాడు. "అప్పు లేనోడని నీకు పిల్లనిచ్చిరి. అప్పు లేనోడని ఈడ బండి ఈరంట! టాక్సీలో పోదాం లేప్పా."

"టాక్సీ ఇంకొకడు తోల్తాడు గదన్నా."

ఆయన నవ్వు ఆపి నా వైపు తిరిగాడు. ఎల్లుండే మా తిరుగు ప్రయాణం. మళ్లీ రావడానికి డబ్బు కుదిరినా ఆయన కళ్లు ఆగుతాయా?

బస్సులో ఊళ్లోకి పోయి విచారిస్తే రువీ అనే పేటలో చిన్న బాడిగ బండ్ల అంగడి చూపించారు. యజమాని తలకు అల్లికల టోపీ పెట్టుకున్న పెద్దాయన. జమాలన్న తన పాత అరబ్బీతో మాట కలిపాడు. పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు, ఏదో అన్నాడు, ఒక తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

మా ఊళ్లో తాళంచెవి చేతికిచ్చారంటే బేరం తెగినట్టే. నేను గబగబా పక్క కొట్టుకు పోయి నిమ్మకాయలు తెచ్చాను. బయట ఉన్న తెల్ల బండికి దండం పెట్టి, జేబులోని మహానంది కుంకుమ ముందు భాగాన బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాను. అంతలో పెద్దాయన కేకలు వేస్తూ బయటికి వచ్చాడు.

"ఏం పని చేస్తివప్పా!" జమాలన్న తల కొట్టుకున్నాడు. "బండి సూసుకోమని ఇచ్చినాడు తాళం. కార్డు లేనోనికి ఇచ్చేదా వద్దా అని ఇంకా ఆలోచన చేస్తాండాడు. నువ్వు రంగు పూసి పెడితివి!"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. జేబురుమాలు తీసి కుంకుమ తుడవబోయాను. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఏదో అడిగాడు. జమాలన్న నెమ్మదిగా, చాలాసేపు జవాబు చెప్పాడు. పెద్దాయన నా ముఖం చూశాడు, చక్రాల కింది నిమ్మకాయలు చూశాడు, లోపలికి పోయి కాగితాలు తెచ్చాడు. నా బ్యాంకు కార్డు నుంచే పూచీ సొమ్ము గీకించుకున్నాడు, బండి మళ్లీ అప్పజెప్పాక వెనక్కి వేస్తానన్నాడు. ఇసుకలో దింపవద్దన్నాడు.

"ఏం చెప్పినావన్నా?" అన్నాను బయటికి వచ్చాక.

"ఇది ఎవురి బండికి చేస్తారని అడిగినాడు. మా కాడ సొంత బండికి చేస్తారన్న. ఇతనికి జామీను ఎవురు అన్నాడు. నేను శానా ఏండ్ల డ్రైవర్ని, ఇంతవరకూ ఎవుని పక్కనా కూచోలే, ఈ మనిషి పక్కన కూచోని పోతాండా, ఇంకేం జామీను కావల్ల అన్న."

ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాను. బండి కదలగానే చక్రాల కింద నిమ్మకాయలు నలిగిన చప్పుడైంది.

అక్కడ స్టీరింగు ఎడమ వైపు, బండ్లు పోయేది కుడి వైపు. ఊరు దాటేవరకూ జమాలన్న కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. "గేరు మార్చు", "పెద్ద బండి వస్తాండాది, సూడు", "ఏమప్పా, ఎద్దులబండి తోల్తాండావా?" అని గొణుగుతూనే ఉన్నాడు. నేను శివనామం చెప్పుకుంటూ నడిపాను.

కొండ దిగగానే సముద్రం కనిపించింది. బండి పక్కకు తీసి ఆపాను. ఆయన అద్దం దించి, ముఖం బయటపెట్టి, ఎండకు చెయ్యి అడ్డుపెట్టుకుని చూశాడు. ఎంత కనిపించిందో నేను అడగలేదు.

"నేనున్నప్పుడు మట్టి దారప్పా ఇది" అన్నాడు. "నీలం అట్లనే ఉండాది."

మళ్లీ బయల్దేరాం. ఆ వానలో మాకు అడ్డంగా వచ్చిన వాగులను తలుచుకున్నాను. పూజారి గారి నవ్వుకు అర్థం ఇదేనా, స్వామికి చెల్లాల్సింది వేరు, మనిషికి చెల్లాల్సింది వేరు అనా? నాకింకా తెలియదు.

కొంత దూరం పోయాక గొణుగుడు వినిపించకపోతే పక్కకు చూశాను. జమాలన్న చెప్పులు విడిచి, కాళ్లు రెండూ సీటు మీదికి తీసుకుని బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. చూపు సముద్రం వైపే ఉంది.

"పోనీయప్పా" అన్నాడు. "సరిపోయింది."