గుడ్డగోడ

రంగులక్కను ఆనాటి పనికి మెచ్చుకోవాలో, నెత్తిన మొట్టికాయ వేయాలో ఆ నాటక బృందంలో ఇప్పటికీ ఎవరికీ తేలలేదు. నన్నడిగితే రెండూ చెయ్యాలి.

తుపానులో దెబ్బతిన్న భవనాలను కళాబృందాలకు లీజుకిస్తామని కార్పొరేషన్ ప్రకటించింది. వీళ్ళకు పాత గ్రంథాలయం చూపించారు. బృందాన్ని నడిపే బాబాయి, అంటే రంగులక్క సొంత బాబాయే, లోపలికి వెళ్ళి చూసి నెత్తి పట్టుకున్నాడు. తూర్పు గోడకు ఏనుగు దూరేంత కన్నం!

"చిన్న దెబ్బయితే సరే. ఇది చూస్తే తనిఖీకొచ్చే కార్పొరేషన్ ఇంజనీరు ప్రాణహాని అని మనల్ని గుమ్మంలోంచే తరిమేస్తాడు అమ్మడూ" అన్నాడు.

ఈ చోటు దక్కకపోతే బృందం మూతపడ్డట్టే. రిహార్సళ్ళు అప్పటికే రంగులక్క ఇంటి వరండాలో సాగుతున్నాయి. రోజూ సాయంత్రం తన మంచం మీద ఎవడో ఒకడు చచ్చిపడుతుంటే పాపం అత్తగారు మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? "ఈ నెల దాటితే ఆ చావేదో ఇంకోచోట చావమను" అని తెగేసి చెప్పింది.

రంగులక్క ఆ బృందానికి తెరలు వేస్తుంది. గుడ్డ మీద అడవి వేస్తే అడవే, కోట వేస్తే కోటే. "నువ్వుండు బాబాయ్, నేను చూసుకుంటాగా" అంది. నాటకాలవాళ్ళకు వచ్చిన విద్య అదొక్కటే కదా, లోపం కనపడితే తెర దించడం! పెద్ద గుడ్డ బిగించి, దాని మీద గోడ వేసింది. సున్నం పెచ్చులు, చెమ్మ మరకలు, మూలన ఓ బల్లి. బాబాయి పొరపాటున దానికి ఆనుకోబోయి తమాయించుకున్నాడు.

ఇంజనీరు వచ్చాడు. ఆయన ఆ ఊరికి కొత్త. గుమ్మంలో నిలబడి ఒకసారి చుట్టూ చూసి ముఖం చిట్లించాడు.

"మా కాగితాల్లో తూర్పు గోడ కూలిందని రాశారే? శుభ్రంగా ఉందిగా!"

"మీ దయ వల్ల బాగానే ఉందండీ" అన్నాడు బాబాయి, మీసం మెలేస్తూ.

"అయితే ఇది మీకివ్వడానికి లేదండీ. కూలినవే లీజుకిమ్మన్నారు. బాగున్నవన్నీ ఆఫీసులకే. మా వాళ్ళు చోటు లేక ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటున్నారు."

బాబాయి మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. రంగులక్కకు ముందు నుయ్యి వెనుక గొయ్యి. నోరు మూసుకుంటే చోటు పోతుంది, నిజం చెబితే మోసగాళ్ళని పేరొస్తుంది. బాబాయి ముఖం వంక చూసింది. మనిషి నిలువునా వాడిపోయాడు. ఆ ముఖం చూశాక ఆమెకు ఆలోచించే ఓపిక లేకపోయింది. చీర కొంగు దోపుకుని విసవిసా వెళ్ళి, రెండు చేతులతో గోడను పట్టుకుని ఒక్క లాగు లాగింది. పర్రుమని చిరిగింది. ఇంత ఎండ, ఇంత దుమ్ము, వీధిలో ఆగిన బస్సుతో సహా లోపలికి వచ్చిపడ్డాయి.

"ఇదండీ మా గోడ! తప్పు నాదే. తిడితే నన్ను తిట్టండి, చోటు మాత్రం ఇప్పించండి" అంది.

ఇంజనీరు కన్నం చూశాడు. చిరిగిన గుడ్డ చూశాడు. వంగి బల్లిని వేలితో తాకి చూశాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇంత కన్నముంటే ఏ ఆఫీసువాడూ దీని జోలికి రాడమ్మా. సంతకం పెడతాను. ముందు నిజం గోడ కట్టించి, తర్వాతే ఆటలు" అని తాళంచెవి బాబాయి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

హమ్మయ్య! రంగులక్క ఇటుకల కుప్ప మీదే కూలబడింది. బాబాయి కళ్ళు తుడుచుకుని, ఆ శిథిలాల నడుమ నిలబడి, నాటకంలో రాజుగారి మొదటి డైలాగు అందుకున్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అది కన్నంలోంచి వీధిలోకి పోయింది.

బస్సు కిటికీలోంచి ఎవరో ముసలావిడ తల బయటపెట్టి అరిచింది.

"కాస్త గట్టిగా చెప్పవయ్యా, ఇక్కడికి వినపడట్లా!"