రేపల్లె స్టేషను ముందు ఏడు చుట్లు

తెనాలిలో అక్తర్ బేగం ఫోను పట్టనిదే పొద్దు పొడవదంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి, పొద్దుకు ఆ సంగతి తెలుసు. ఫజర్ నమాజు చేసుకుని, అల్లం దంచి వేసిన టీ గ్లాసు కిటికీలో పెట్టుకుని, మూడు ఫోన్లనీ చార్జింగు తీగల నుంచి ఊడదీసి, చీర కొంగుతో తెర మీది వేలిముద్రలు తుడుస్తుంది. అప్పుడు గాని మార్కెట్టులో కూరల బస్తాలు విప్పరు.

ఆ రోజూ అలాగే తెల్లారింది. మొదటి పని పేరాల నుంచి వచ్చింది. అక్కడొక మగ్గం ఇంట్లో పడుగు చిక్కుపడిపోయిందని ఫోటో పంపారు. అక్తర్ బేగం రంగు గోళీల ఆట తెరిచింది. మూడు ఎరుపులు వరసగా చేరిస్తే పేరాలలో ఎర్రపోగులు విడ్డాయి, మూడు పసుపులు చేరిస్తే పసుపుపోగులు విడ్డాయి. నాలుగు వేల పోగుల చిక్కు నాలుగే నిమిషాలు! మగ్గం మీది మనిషి నోట్లో ఇడ్లీ ముక్క నమిలే లోపల నేత మళ్ళీ మొదలైంది.

రెండో పని పిట్టలవానిపాలెం దశరథరామయ్యది. గేదె తప్పిపోయింది. బొమ్మలో దాగిన వస్తువులు వెతికే ఆట ఒకటుంది కదా, అందులో ఆవిడ గడ్డివాము వెనకాల కొమ్ము కొన కనిపెట్టి వేలితో ఇలా తాకింది. అంతే, గేదె తోకాడించుకుంటూ ఇంటికొచ్చిందట. దానితోపాటు పక్క ఊళ్ళో ఎప్పుడో తప్పిపోయిన ఇంకో రెండు గేదెలు కూడా వచ్చాయట.

"ఆ రెండూ ఎవరివే?" అన్నాడు బాబూలాల్. ఆయన ఆవిడ భర్త. నలభయ్యేళ్ళు సైకిలు షాపు నడిపి, ఇప్పుడు పేపరు చదవడం, భార్యని దెప్పడం అనే రెండు ఉద్యోగాలు చేస్తున్నాడు.

"కొసరండీ."

"జనం దీన్ని చేతబడి అంటున్నారు, వింటున్నావా?"

"చేతబడి మీ తాతల కాలం మాట. ఇది వేలిబడి." అని ఆవిడ చూపుడువేలు ఎత్తి చూపించింది. ఆ వేలు ఏ ఆటలోనూ ఓడిపోవడం ఎవరూ చూడలేదు, ఆ ఇంటి గోడ మీద ఉన్న ముసలి బల్లితో సహా.

పది కావస్తుండగా ఎదురింటి రాఘవమ్మ వచ్చింది. వచ్చింది అనడం తప్పు, పడింది. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు.

"అక్కా! మా కీర్తనకి నొప్పులొచ్చినయ్యే!"

కీర్తన రాఘవమ్మ ఒక్కగానొక్క కూతురు. అత్తవారిది బాపట్ల. తొలికాన్పు పుట్టింట్లోనే కాబట్టి వచ్చే ఆదివారం మంచిరోజని తీసుకురావాలనుకున్నారు. తొమ్మిదోనెల నిండినా బిడ్డ కడుపులో అడ్డంగానే ఉంది. తెనాలి డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని మరీ చెప్పింది: నొప్పులు మొదలైతే ఆగొద్దు, ఆపరేషను చేయాలి, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదం.

"మరి బయల్దేరారా?"

"ఎనిమిదింటికే బయల్దేరారక్కా! అల్లుడు కారు నడుపుతున్నాడు. తెనాలి రావాల్సినోళ్ళు రేపల్లె స్టేషను దగ్గర తేలారు. అక్కడినుంచి తెనాలి రోడ్డెక్కారు. పది నిమిషాలకి మళ్ళీ రేపల్లె స్టేషనే! ఇప్పటికి మూడుసార్లు!"

బాబూలాల్ పేపరు మడిచాడు. "రేపల్లెలో పట్టాలే అయిపోతాయి. రైలుకే దారిలేని చోటు. అల్లుడికేం తెలుస్తుంది?"

"మీరు నోరు మూసుకోండి" అని అక్తర్ బేగం పెద్ద ఫోను అందుకుంది. అది కార్ల ఆటల ఫోను. అందులో ఒక ఎర్రకారుని ఎంచి, "బిస్మిల్లా" అని తెర మీద రోడ్డెక్కించింది. ఆ ఎర్రకారు చివరి తోరణం దాటితే నిజం కారు ఊరు చేరుతుంది. ఇంతకుముందు పెళ్ళివారి బస్సులు, గడ్డి ట్రాక్టర్లు, ఒకసారి పాపం ఐస్‌బండి కూడా ఇలాగే చేరాయి.

ఎర్రకారు వంతెన ఎక్కింది, మలుపులు తిరిగింది, రెండు లారీల మధ్య సూదిలో దారంలా దూరింది. తోరణం కనబడింది. ఇంకో గజం ఉందనగా తెర గిర్రున తిరిగి, కారు మొదటికొచ్చి నిలబడింది.

రాఘవమ్మ ఫోను మోగింది. స్పీకరులో కీర్తన గొంతు. "అమ్మా, మళ్ళీ స్టేషనే. నాలుగు."

అక్తర్ బేగం చెమట తుడుచుకుని మళ్ళీ నడిపింది. మళ్ళీ గజం దూరంలో గిర్రున తిరిగింది. ఐదు. బొటనవేలు మార్చి నడిపింది. ఆరు. గోడ మీది బల్లి సిగ్గుపడి ఫోటో వెనక్కి పోయింది.

"రేపల్లె ఆసుపత్రికన్నా పోనియ్యండి బాబూ!" అంది రాఘవమ్మ ఏడుస్తూ.

"పోనిచ్చానత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు రోహిత్. "ఆసుపత్రి మలుపు తిప్పితే ఎదురుగా స్టేషనే. స్టేషను ముందు జామకాయలమ్మే ఆయన మాకు చెయ్యి ఊపుతున్నాడు, చుట్టాల్లాగా."

అక్తర్ బేగం ఫోను పక్కన పెట్టేసింది. ఆవిడ ఆట మధ్యలో ఫోను పక్కన పెట్టడం బాబూలాల్ పెళ్ళయ్యాక చూడలేదు. లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చాడు, దెప్పడం కూడా మరిచి. అది చూసి ఆవిడకి నిజంగా భయం వేసింది.

"అల్లుడూ, తిన్నగా చెప్పు. గడప దాటేటప్పుడు ఏం జరిగింది? పిల్లి ఎదురొచ్చిందా? ఎవరన్నా తుమ్మారా?"

"ఏం లేదండీ. దారి చెప్పే యాప్ తెరిచా. తెలుగులో మాట్లాడేది కొత్తగా పెట్టుకున్నా."

"తెరిస్తే?"

"గడపలో నిలబడి తెరిచా. 'ఎక్కడికి వెళ్ళాలి?' అని అడిగింది."

ఇక్కడ రాఘవమ్మ, అక్కడ కీర్తన, ఇద్దరూ ఒకేసారి "అయ్యయ్యో" అన్నారు.

"గడపలో ఎక్కడికి అని అడిగిందా! పైగా పెద్దగా! స్పీకరు పెట్టి!" అని అక్తర్ బేగం తొడ చరిచింది. ఆ చప్పుడుకి వీధి చివర కోడి కూసింది. "మరి దారెక్కడ సాగుద్ది? బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే కాశీకెళ్ళేవాడు కూడా కచేరీ దగ్గరే ఆగిపోతాడు. ఎందాకా అనాలి గాని. ఇంట్లో పెద్దోళ్ళెవరూ లేరా?"

"మా నాయనమ్మ నెత్తి కొట్టుకుందండీ. నాకు అర్థం కాలేదు."

"ఇప్పుడర్థమైందిగా. శకునం తప్పితే ఏం చేస్తాం? ఇంట్లోకెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతాం."

"బాపట్ల ఎలా వెళ్తామండీ? ఎటు పోయినా రేపల్లే కదా!"

"రేపల్లెలో ఇళ్ళు లేవా? కారు దిగి, కనబడిన గుమ్మమెక్కు."

ఏడోసారి స్టేషను రాగానే రోహిత్ కారాపి, కీర్తనని పొదివి పట్టుకుని, ఎదురుగా ఉన్న ఇంటి గుమ్మమెక్కాడు. అది సామ్రాజ్యం అనే ఆవిడ ఇల్లు. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. వీళ్ళెవరో ఆవిడకి తెలియదు.

"పిన్నిగారూ, మళ్ళీ బయల్దేరాలి. కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి పోతాం" అన్నాడు.

"పోతాం ఏంటయ్యా, వెళ్ళొస్తాం అను. పొద్దున్నుంచీ చూస్తున్నా, ఏడుసార్లు తిరిగారు. ముందే దిగుంటే కాఫీ పెట్టేదాన్ని కదా!" అని ఆవిడ కీర్తనని కుర్చీలో కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, నోట్లో చిటికెడు పంచదార వేసింది.

కీర్తన చేతిలో ఫోను నుంచి అక్తర్ బేగం గొంతు. "ఇద్దరూ తాగారా? ఇప్పుడు ఆ దారి ఫోనుకి కూడా ఇవ్వాలి."

రోహిత్ చెంబు ఎత్తాడు.

"ఆగాగు! దాని మీద పోసేవు నాయనా! నీ చదువు తగలెయ్య! దాన్ని ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వెలిగించు. దానికి మంచినీళ్ళంటే అదే."

ఫోను ఆరింది. సామ్రాజ్యం పైకి లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గర కీర్తన పళ్ళు బిగించి కుర్చీ చెయ్యి పట్టుకుంది. పదికి ఫోను వెలిగింది.

"నా మాట దానికి వినపడేట్టు పెట్టు" అంది అక్తర్ బేగం. గొంతు సవరించుకుంది. తెనాలి నుంచి రేపల్లెదాకా తీగెల మీద కాకులు సర్దుకుని కూర్చున్నాయి. "అమ్మాయీ, నువ్వెవరి పిల్లవో నాకు తెలీదు. ఏ ఊళ్ళో తయారయ్యావో తెలీదు. మా తెలుగు మాట్లాడుతున్నావు, బాగుంది, గొంతు బాగుంది. మాటతోపాటు మర్యాద కూడా నేర్చుకోవాలి తల్లీ. గడప దగ్గర మనిషిని ఎక్కడికని అడక్కూడదు. ఎందాకా అనాలి. ఏదీ, అను."

యాప్ కాసేపు ఆలోచించింది. తరవాత మెల్లిగా, తప్పు చేసిన కోడలిలాగా, "ఎందాకండీ?" అంది.

"ఇదిగో, తెనాలిదాకా అమ్మా" అంది కీర్తన మూలుగు మధ్యలోనే. "వెళ్ళొస్తాం పిన్నీ."

"క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అంది సామ్రాజ్యం. యాప్ కూడా ఆవిడతోపాటు అదే అంది.

ఇక చూడండి! తెనాలిలో అక్తర్ బేగం ఎర్రకారు కదిలింది. వేలు కనబడలేదు, దాని గాలి మాత్రం తగిలింది. చెరుకు ట్రాక్టర్లు దారిచ్చాయి, గేట్లు వాటంతటవే లేచాయి, స్పీడుబ్రేకర్లు గర్భిణి వస్తోందని తెలిసి ఒంగి పడుకున్నాయి. రాఘవమ్మ ఆవిడ భుజం పట్టుకుని ఊపిరి బిగబట్టింది. బాబూలాల్ బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడల్లా నేల మీద కాలితో తొక్కాడు. తోరణం కనబడింది. గజం. అర గజం. మూర.

దాటింది.

అదే నిమిషానికి తెనాలి ఆసుపత్రి మెట్ల ముందు కారు ఆగింది.

రాఘవమ్మ, అక్తర్ బేగం ఆటోలో చేరేసరికి కీర్తనని లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఆపరేషను గది సిద్ధంగా ఉంది. డాక్టరమ్మ తొడుగులు వేసుకుని లోపలికి వెళ్ళి, కాసేపటికి బయటికొచ్చింది.

"బిడ్డ అడ్డంగా ఉందని చెప్పింది ఎవరమ్మా?"

"మీరేనండి" అంది రాఘవమ్మ.

డాక్టరమ్మ చేతిలో పాత స్కానింగు కాగితం పైకెత్తి చూసింది, కిందికి దించి చూసింది. "ఇప్పుడు తల కిందికుంది. చక్కగా తిరిగింది. ఆపరేషను అక్కర్లేదు. దారిలో ఏం చేశారు?"

"ఏం చేయలేదండీ, తిరిగాం" అన్నాడు రోహిత్.

"ఎన్నిసార్లు?"

"ఏడుసార్లండీ."

డాక్టరమ్మ తలూపి, ఆ అంకె కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్ళింది. ఇంకో నలభై నిమిషాలకి ఆడపిల్ల ఏడుపు వినబడింది. కాన్పు సుఖంగా జరిగింది. తల్లీ, బిడ్డా క్షేమం.

సాయంత్రం కీర్తన మంచం మీద తేరుకుని చెప్పింది. "తిరిగేకొద్దీ లోపల బిడ్డ కొంచెం కొంచెం జరిగింది పెద్దమ్మా. మొదటి మూడింటికీ ఏం లేదు. నాలుగోదానికి పక్కలోంచి కదిలింది. ఏడోదానికి కడుపంతా ఒక్కసారి బోర్లా తిరిగినట్టయింది. నేను దారి మీద కోపంతో దాన్ని పట్టించుకోలేదు."

అక్తర్ బేగం పిల్లని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నాలుగో చుట్టు అంటే ఆవిడ మొదటి ఆట. ఐదు, ఆరు అంటే రెండోది, మూడోది. ఎర్రకారు మొదటిసారే తోరణం దాటి ఉంటే ఈ పిల్ల అడ్డంగానే ఇక్కడికి చేరేది.

అప్పటికి ఆసుపత్రికి వచ్చిన బాబూలాల్ ఊరుకోలేదు. "ఏమే, పొద్దున మూడు ఆటలు ఓడిపోయావుగా. ఊరంతా చెప్పనా?"

"చెప్పండి" అంది ఆవిడ, పిల్ల గుప్పిట్లో తన చూపుడువేలు పెట్టి. "బండి కట్టించి, మైకు పెట్టించి చెప్పండి. అక్తర్ బేగం ఓడిపోయింది, అల్లాకి లక్ష షుక్రియాలు అని."