గడువు దాటిన కడుపు

"ఇంట్లో కూర్చుంటే ఇలాగే ఉంటుంది. పనిలో పడితే అన్నీ అవే సర్దుకుంటాయి," అన్నాడు భర్త, మడతపెట్టిన బట్టల దొంతర అడుగు నుంచి తన చొక్కా లాక్కుంటూ. దొంతరంతా కూలింది. ఆమె మళ్లీ మొదటి నుంచి మడతలు పెట్టింది. తర్వాత లోబట్టల్లో మెత్తటి గుడ్డ పెట్టుకుని టీవీ ఛానల్ ఆఫీసుకి బయల్దేరింది. తాగే బిడ్డ లేదన్న సంగతి ఆమె ఒంటికి ఇంకా తెలియలేదు. పాలు వస్తూనే ఉన్నాయి.

ఆ ఛానల్లో ఆమెది మేకప్ పని. చర్చలకు వచ్చేవాళ్ల ముఖాలకు పౌడరద్ది, లైట్ల కింద బట్టతలలు మెరవకుండా చూసుకోవాలి. సెలవు నుంచి తిరిగొచ్చిన మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. టీ ఇచ్చే ఆవిడ మాత్రం కప్పులో చక్కెర ఎక్కువ వేసి తెచ్చింది.

ఆ సాయంత్రం చర్చ అబార్షన్ చట్టం మీద. ఇరవై వారాల గడువు పెంచాలా వద్దా, నిర్ణయం ఎవరిది అని. మాట్లాడేవాళ్లు నలుగురు మగవాళ్లు, ఒక లాయరమ్మ.

గడువు అన్న మాట చెవిన పడగానే దువ్వెన పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఐదో నెలలో, స్కానింగ్ గదిలో డాక్టరమ్మ తెర వైపు తిప్పిన ముఖం చాలాసేపు ఇటు తిప్పలేదు. తల పైభాగం ఏర్పడలేదమ్మా, పుట్టినా బతకదు, అంది చివరికి. అప్పటికి గడువు ఇంకా ఉంది. తీసేయించండి అని ఆమె ఆ రోజే నోరు విడిచి అడిగింది. తొందరపడకు, అమ్మతో మాట్లాడదాం, అన్నాడు భర్త. కదులుతున్న బిడ్డని కడుపులో పెట్టుకుని ఆ మాట నీకెలా వచ్చిందే తల్లీ, అంది అత్తగారు. ఇంకో డాక్టరు, ఇంకో స్కాను, ఫోన్లో ఆడపడుచు సలహాలు. అందరూ మాట్లాడుకోవడం అయ్యేసరికి గడువు దాటింది. పెద్దాసుపత్రిలో డాక్టర్ల బోర్డు కూర్చుని, తల్లి ప్రాణానికి ప్రమాదం లేదు కనుక కుదరదంది. ప్రాణానికైతే నిజంగానే ఏమీ కాలేదు. బస్సులో లేచి సీటిచ్చారు. మగపిల్లాడే, పొట్ట చూస్తేనే తెలుస్తోంది, అని పక్కింటావిడ మురిసిపోయింది. లోపల బిడ్డ తన్నినప్పుడల్లా ఒక చేత్తో పొట్ట నిమిరి, రెండో చేతి పిడికిలి నోట్లో కుక్కుకునేది. పాప పుట్టింది, కాసేపు ఊపిరి తీసుకుంది, పోయింది. ఒక్కసారి చూపించండి అంటే భర్తా, అత్తగారూ అడ్డుపడ్డారు. చూడకు, చూస్తే మర్చిపోలేవు, అన్నారు.

"నీకు పిల్లలా అమ్మా?" అని అడిగాడు కుర్చీలో కూర్చున్న పెద్దాయన. ఏ సభ జరిగినా ముందు వరసలో కనిపించే మనిషి. తెల్లజుట్టు, మంచి గొంతు.

అబద్ధమాడే ఓపిక లేకపోయింది ఆమెకు. "పాప పుట్టిందండీ. బతకదని ముందే తెలుసు. నెలలు నిండాక పుట్టి, పోయింది."

ఆయన కళ్లు చెమర్చాయి. నటన కాదు. ఆ తడి తుడిచి, అక్కడ మళ్లీ పౌడరద్దింది.

చర్చ మొదలైంది. మేకప్ గది గోడకున్న టీవీలో ఆ మంచి గొంతు వినిపించింది. "ఇందాకే ఇక్కడ ఒక తల్లిని చూశాను. బతకదని తెలిసీ కడుపులో బిడ్డను చివరిదాకా మోసింది. తల్లి మనసంటే అదండీ. మీ హక్కుల గోల ఆ తల్లికి అక్కర్లేదు." లాయరమ్మ ఏదో అనబోయి ఆగిపోయింది. ఎదురుగా లేని తల్లితో ఎవరు మాత్రం వాదించగలరు?

ప్రకటనల విరామంలో టచప్ కోసం పిలిచారు. ఆమె వెళ్లి ఆయన నుదుటి మీది చెమట అద్దుతూ మెల్లగా అంది.

"నేను మొయ్యలేదండీ. నా చేత మోయించారు. తీసెయ్యమని అందరి కాళ్లావేళ్లా పడ్డాను."

ఆయన ముఖం ఆమె చేతి కింద బిగుసుకుంది. "బాధలో అలాగే అనిపిస్తుందమ్మా."

"బాధ తర్వాత వచ్చిందండీ. అడిగింది తెలివిలో ఉండే. ఆ మాట వెనక్కి తీసుకోండి."

"అక్కా, పక్కకి రా, లైవ్‌లోకి వెళ్తున్నాం," అన్నాడు ఫ్లోర్ మేనేజర్. ఏళ్ల తరబడి అలవాటైన కాళ్లు వాటంతటవే పక్కకి జరిగాయి. లైట్లు వెలిగాయి. పెద్దాయన వేరే సంగతి ఎత్తుకున్నాడు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోకే ఎదురొచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నీ గురించే కదమ్మా టీవీలో చెప్పారు? ఎంత గొప్పగా చెప్పారో. అమ్మాయి కూడా ఫోన్ చేసింది." పెళ్లయ్యాక ఎన్నడూ అందుకోనివాడు, భర్త ఆమె చేతిలో సంచి అందుకున్నాడు.

ఆమె చెప్పులు విప్పలేదు.

"ఏమండీ, పాప ఎవరి పోలిక?"

అతను తల్లి వైపు చూశాడు.

"నన్ను ఎలాగూ చూడనివ్వలేదు. మీరు చూశారుగా. ముక్కు మీలాగా, నాలాగా?"

"నర్సు గుడ్డలో చుట్టి ఇచ్చింది," అన్నాడతను. సంచి చెయ్యి మార్చుకుని, "నేను విప్పలేదు," అన్నాడు.

"అత్తయ్యా, మీరు?"

"నా వల్ల కాలేదమ్మా," అంది అత్తగారు, సోఫా మీది దిండు సర్దుతూ.

ఆ బిడ్డని కనాల్సిందేనని పట్టుబట్టినవాళ్లలో ఒక్కరు కూడా ఆ బిడ్డ ముఖం చూడలేదు. ఆమె ఏడవలేదు. భర్త చేతిలోంచి సంచి తీసుకుని మెట్ల వైపు తిరిగింది.

"ఇప్పుడెక్కడికి?"

"ఆస్పత్రికి. పాపని చూసిన మనిషి అక్కడొక్కతే ఉంది."