మేడెక్కిన కోపం

లూదియా టీచరుకు ఆ శుక్రవారం కాళ్లు నేల మీద ఆనలేదంటే నమ్మండి. ఆళ్లగడ్డలో ఆమె చెప్పే మూడో తరగతిలో, ఏమడిగినా "ఏం ల్యా టీచర్" తప్ప ఇంకో మాట ఎరగని ఇంద్రజ ఎట్టకేలకు మనసు బయటపెట్టింది, అదీ పేపరు ప్లేటు మీద. మీ లోపల ఏముందో ముఖం చేసి చూపించండర్రా అంటే తక్కిన పిల్లలు నవ్వు ముఖాలూ ఏడుపు ముఖాలూ అతికించి, జిగురంతా జుట్టుకు పూసుకున్నారు. ఇంద్రజ మాత్రం సోడా మూతలతో ఉరిమే కళ్లు, కొబ్బరి పీచుతో మీసాలు, ఎర్ర రిబ్బనుతో జానెడు నాలుక పెట్టింది. అబ్బబ్బ, ఏం కోపమది! పక్కనున్న వాడు బెంచీ మారిపోయాడు. ఎవరి మీదమ్మా ఇంత కోపం అంటే పిల్ల మళ్లీ అదే పాట పాడింది.

సోమవారం చెప్పిద్దాంలే అనుకుని, బొమ్మను సంచిలో ఇంటికి పట్టుకెళ్లనిచ్చింది లూదియా. సోమవారం బొమ్మా రాలేదు, మాటా రాలేదు. పైగా ఇంద్రజ నాన్న హరీష్ శుభలేఖ తెచ్చి, నంద్యాలలో ఇల్లు కట్టామనీ, గృహప్రవేశం కాగానే పిల్లను అక్కడి బడిలో చేర్చేస్తామనీ చెప్పి వెళ్లాడు. ఇక ఆ పిల్లను కలవడానికి గృహప్రవేశం రోజొక్కటే మిగిలింది. ఆ పిల్ల నోరు విప్పకుండా వెళ్లిపోతుందేమోనని లూదియాకు దిగులు పట్టుకుంది. ఆ రోజు పొద్దున్నే సంచిలో నాలుగు పేపరు ప్లేట్లు పడేసుకుని నంద్యాల బస్సెక్కింది.

కొత్తింటి ముందు ఆటో దిగి తలెత్తితే ఏముంది! మేడ మీద గుమ్మడికాయ పక్కన ఇంద్రజ కోపం నాలుక చాపుకుని ఊగుతోంది. కింద వాళ్లవ్వ ఉమామహేశ్వరమ్మ వచ్చినవాళ్లందరికీ మనవరాలు చేసిన దిష్టిబొమ్మను చూపించి మురిసిపోతోంది. పిల్ల సంచిలో దొరికిందట. అంగట్లో కొనే రాక్షసుడు దీని ముందు ఏపాటి అంటోంది. మేస్త్రీ అప్పుడే తనకూ ఒకటి కావాలన్నాడట. లూదియాకు నవ్వాగలేదు. స్తంభం పట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. లోపల అయ్యవారి మంత్రం కూడా ఒకసారి తడబడింది.

మెట్ల కింద నిలబడ్డ ఇంద్రజ మాత్రం నవ్వడం లేదు. అది చూసి లూదియా నవ్వు ఆగిపోయింది. వెళ్లి పక్కన కూర్చుని, ఆ కోపం ఎవరి మీద అని మెల్లగా అడిగింది. పిల్ల పైకి చూసింది. ఊరందరి ముందూ నాలుక చాపి ఊగే ఆ ముఖమే ధైర్యమిచ్చిందేమో.

"ఈ ఇంటి మీదనే టీచర్. నాకొక రూమంట, అవ్వకొక రూమంట. నేను అవ్వ పక్కనే పండుకుంటా. ఈ ఇల్లొద్దు నాకు."

ఆ మాట ఇల్లంతా వినబడింది. కూతురికని గదికి గులాబీ రంగు వేయించిన హరీష్ చేతిలో పని వదిలి మెట్ల దగ్గరికొచ్చాడు. ఉమామహేశ్వరమ్మ మనవరాలి తల నిమిరి, పైటతో కళ్లొత్తుకుని లూదియా సంచి వైపు చూసింది.

"ఇంగో ప్లేటు ఉంటే ఈమ్మా టీచరమ్మా. నా కోపం గూడా ఉండాది, ఆడ తగిలించేకి."

సాయంత్రానికి మేడ మీద రెండు కోపాలు ఊగుతున్నాయి. కింద హరీష్ చెమటలు కక్కుతూ అవ్వ మంచాన్ని గులాబీ గదిలోకి మోస్తున్నాడు. ఇంకా ఇటు జరుపు నాయనా, ఇంకా ఇటు అని ఇంద్రజ వాగుతూనే ఉంది.