దీవిని వెనక్కి లాగిన రోజు

పొద్దున్నే లేచి టీ కాచగానే మకాతో అనే ఆ ముసలావిడ మొదటి రెండు గిన్నెలూ తీసుకెళ్ళి, పోయిన అమ్మానాన్నల పేర్లు రాసిన ఎర్ర చెక్కపలకల ముందు పెడుతుంది. పెట్టి ఊరుకోదు, ఊళ్ళో సంగతులన్నీ చెబుతుంది. ఎవరి మేక ఈనింది, ఎవరి చెరుకు వాలిపోయింది, బెల్లం గానుగ దగ్గర ఎవరెవరు తిట్టుకున్నారు. బతికున్నన్నాళ్ళూ నాన్న ఊరి కబుర్లంటే చెవి కోసుకునేవాడు. పోయినంత మాత్రాన మనిషి మారతాడా అని ఆమె నమ్మకం.

ఆ పలకల వల్లే అక్కతో మాటలు పోయాయి.

వాళ్ళ తుమారి దీవిలోనే కాదు, ఆ వరస దీవుల్లో ఎక్కడైనా తల్లిదండ్రుల పలకలు కొడుకు దగ్గరే ఉండాలి. కూతురు ఉంచుకుంటే వంశానికి అరిష్టమంటారు. ఉన్న ఒక్క అన్నా యుద్ధం ఏడాది, సైన్యం ఊరందరినీ అడవి దీవికి తరిమినప్పుడు, మలేరియాతో పోయాడు. నాన్న పోయాక పలకలు బాబాయి కొడుక్కి ఇచ్చెయ్యమని పెద్దలు తీర్పు చెప్పారు. ఆ మహానుభావుడు బతికున్న తల్లికే ఓ గిన్నెడు టీ పోసిన పాపాన పోలేదు. మకాతో ఇవ్వనంది. పెళ్ళి మానుకుని ఇద్దరికీ చాకిరీ చేసింది నేను, ఇప్పుడూ నేనే చేస్తాను అంది. ఊరు కొన్నాళ్ళు గొణిగి ఊరుకుంది.

ఊరుకోనిది అక్క నాబే. ఆమెను పక్కనున్న కుమిరా దీవికి ఇచ్చారు. లేకలేక పుట్టిన కొడుక్కి జ్వరం వచ్చి ఎన్నాళ్ళకీ దిగలేదు. సోది చెప్పే ఆవిడ కళ్ళు మూసుకుని, పుట్టింటి పలకలు ఆడదాని చేతిలో ఉన్నాయి, అదే పట్టి పీడిస్తోందని చెప్పింది. నాబే పడవెక్కి వచ్చింది. నా కొడుకు ప్రాణం కన్నా నీకు ఆ చెక్కముక్కలెక్కువా అని అడిగింది. మకాతో కూడా తగ్గలేదు. అమ్మ పేరు చెక్కముక్కా అంది. అక్కడితో ఆగితే బావుండేది. ఇద్దరూ అనరాని మాటలన్నీ అనేసుకున్నారు. మళ్ళీ ఈ దీవి మీద కాలు పెడితే నా పేరు నాబే కాదంటూ అక్క వెళ్ళిపోయింది. తర్వాత జ్వరం దానంతటదే దిగింది. పిల్లవాడు పెద్దవాడై దూరాన నాహా పట్నం రేవులో ఉద్యోగం తెచ్చుకున్నాడు. మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఒకసారి మకాతోనే తెగించి కుమిరా వెళ్ళింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, అయినా అక్క తుఫాను తలుపులన్నీ బిగించుకుని లోపల కూర్చుంది.

ఇప్పుడు, పెద్దల పండగ దగ్గర పడుతున్న రోజుల్లో, పడవ నడిపేవాడు ఒక కబురు తెచ్చాడు. నాబే కొడుకు నాహాలో తల్లికోసం గది కట్టించాడట. పండగ కాగానే వచ్చే ఓడకి నాబే వెళ్ళిపోతోందట, ఇంక రాదట. పోనీ, సుఖపడుతుంది అని మకాతో పైకి అంది. ఆ పూట పొయ్యి మీద కాకరకాయ కూర మాడి బొగ్గయినా ఆమెకు వాసన తగల్లేదు. వయసు మీదపడ్డవాళ్ళు నాహా దాకా వెళ్తే తిరిగి రావడమంటూ ఉండదు. అంటే అక్కను ఇంక చూడటం ఉండదు.

ఆ వారమే తుఫాను వచ్చింది. వెళ్ళిపోయాక జనం తలుపులు తీసి చూస్తే, దీవి పడమటికి జరిగి ఉంది.

తుఫాను వస్తే తుమారి జరగడం మామూలే. ఒక్కో ఏడాది ఒక చెరుకు మడి వెడల్పున, ఒక్కో ఏడాది ఇంకాస్త. ఒక ఏడాది గిర్రున తిరిగిపోయి, వాకిళ్ళన్నీ ఉత్తరానికొచ్చాయి. సరిచేసేదాకా మేకలదొడ్ల కంపు నట్టింట్లోకి కొడుతోందని ఆడవాళ్ళు ఒకటే సణుగుడు. ఈసారి మాత్రం మరీ దూరం జరిగింది, కుమిరాకి ఆనుకుందా అన్నంత దగ్గరగా. అవతల గోడల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. కోళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి. వాటి మధ్యలో మగ్గం చప్పుడొకటి. రెండు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్ళీ రెండు దెబ్బలు. అరటి నార నేసేటప్పుడు అలా ఆగమని అమ్మ అక్కాచెల్లెళ్ళిద్దరికీ నేర్పింది. ఆ చప్పుడు వింటూ మకాతో పెరట్లో చాలాసేపు చీపురు పట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఊరంతా తాడు బయటికి తీశారు. మనిషి నడుమంత లావు గడ్డితాడు. ఒక కొస పడవల మీద తీసుకెళ్ళి, తూర్పున సముద్రంలో ఉన్న తల్లిరాయికి కట్టారు. రెండో కొస పట్టుకుని ముసలీ ముతకా అందరూ ఒడ్డున బారులు తీరారు. పాట ఎత్తుకుని లాగుతుంటే దీవి ఇసుకలో బండిలా మెల్లగా కదిలింది.

ఎక్కడ ఆపాలో చెప్పేది మకాతో. అది నాన్న పని, నాన్న తర్వాత ఆమెది. కావలిదిబ్బ మీద కూర్చుని ఆమె నీళ్ళలోని నల్లరాయినీ, దాని వెనక దూరంగా ఒమొతో అనే కొండ శిఖరాన్నీ చూస్తూ ఉండాలి. రెండూ ఒక వరసలోకి రాగానే గంట కొట్టాలి. గంట మోగితే తాడు వదిలేస్తారు. వదిలితే దీవి అక్కడే పాతుకుంటుంది, మళ్ళీ తుఫాను వచ్చేదాకా ఎవరు లాగినా రాదు. ఆ గంటకు ఎదురుచెప్పినవాడు ఇంతవరకూ లేడు.

నల్లరాయి శిఖరం వైపు జరుగుతోంది. వెనక మగ్గం చప్పుడు సన్నబడుతోంది. ఉన్నట్టుండి అది ఆగిపోయింది. మకాతో తిరిగి చూసింది. కుమిరా ఒడ్డున నాబే నిలబడి ఉంది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వెళ్ళిపోతున్న దీవిని చూస్తోంది. పిలవడం లేదు, చెయ్యి ఊపడం లేదు. లోపలికి పోవడమూ లేదు. నడుం ఎంత వంగిపోయిందో మకాతో అప్పుడే చూసింది.

నల్లరాయికీ శిఖరానికీ మధ్య ఇంకా బోలెడు ఆకాశం ఉండగానే ఆమె గంట కొట్టింది.

పాట ఆగింది. తాడు కిందపడింది. అందరూ దిబ్బ వైపు తలలెత్తారు. ఊరిపెద్ద జెన్కిచి ఆయాసపడుతూ పైకొచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. నల్లరాయిని చూశాడు, శిఖరాన్ని చూశాడు. తర్వాత కుమిరా ఒడ్డున ఇంకా నిలబడే ఉన్న మనిషిని చూశాడు. ఆ గుర్తులు చూడటం ఆయనకు చిన్నప్పటినుంచీ తెలుసు.

"తప్పు కొట్టాను, అన్నా. కావాలనే కొట్టాను," అంది మకాతో.

"నా కళ్ళకి సరిగ్గానే ఉందమ్మా."

"నీకు రెండు కళ్ళకీ శుక్లాలు."

"అయితే ఇంకేం, నన్నెవరూ తప్పుపట్టరు," అని ఆయన లేచి, కుదిరింది, ఇంక సారా జాడీ తియ్యండని కిందివాళ్ళకి కేకేశాడు. వాళ్ళలోనూ గుర్తులు తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా అందరూ తాడు చుట్టడంలో పడ్డారు. పడవ నడిపేవాడు మాత్రం, దారి తగ్గింది కదా, పడవకి నూనె ఖర్చు కలిసొస్తుందన్నాడు.

రెండు దీవుల మధ్యా ఇప్పుడు పోటు తగ్గితే మోకాల్లోతు నీళ్ళే. పండగ ముందురోజు మకాతో వంటింట్లో పిండి కలుపుతుంటే గుమ్మంలో నీడ పడింది. చెప్పులు చేత్తో పట్టుకుని, తడిసిన చీలమండలతో నాబే నిలబడి ఉంది.

"ఈ దీవికి రానన్నాను," అంది.

"అన్నావు."

"నేను మాట తప్పలేదు. నువ్వే దీన్ని తెచ్చి నా గుమ్మం ముందు పెట్టావు. దాటకుండా ఎటు పోను?"

మకాతో పిండి చేతులతోనే అక్కను పట్టుకుని ఏడ్చింది. నాబే ఏడవలేదు. పలకల ముందుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. వెనక్కి తిరక్కుండానే, వాడి జ్వరం దిగిన రోజే నాకు తెలుసే, వీటికీ దానికీ ఏ సంబంధమూ లేదని, అంది. వచ్చి ఒప్పుకోడానికి మొహం చెల్లలేదంది. పిండి చేతులు తుడుచుకుంటూ మకాతో, ఆ రోజు నువ్వు తలుపు తీసేదాకా నేనూ కొట్టవలసింది అంది.

పండగ అయిపోయింది. నాహా ఓడ రావలసిన రోజు పొద్దుటి పోటు తగ్గగానే నాబే నీళ్ళు దాటి వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పెరట్లో కూర్చుని అరటి నార చీలుస్తున్నారు. నువ్వు లావుగా చీలుస్తున్నావంటే నువ్వు తెంపుతున్నావని వాదించుకుంటున్నారు. మిట్టమధ్యాహ్నం కుమిరా రేవులో ఓడ కూత వేసింది. మకాతో చేతిలో నార ఆగిపోయింది.

"అక్కా, ఓడ," అంది మెల్లగా.

"నాకేం చెవుడు లేదు," అంది నాబే, తల ఎత్తకుండా. "ఆ కత్తి ఇలా ఇయ్యి."

ఓడ ఇంకోసారి కూసింది. మకాతో కత్తి అందించి, చాప మీద అక్కకు ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.