రెండు గీతల వెనక ఎర్ర వాక్యం

నేను ఒక వాక్యాన్ని. ఎర్ర అక్షరాల్లో నాలుగే మాటలు: "మీ ఎంపిక నమోదు కాలేదు." వెబ్ పేజీలో ఏదైనా జాబితా నొక్కినప్పుడు అది పనిచేయకపోతే నేను పైకి రావాలి. అదే నా కొలువు. నన్ను చూసి ముచ్చటపడినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. కనపడగానే మొహం మాడ్చుకుంటారు, తప్పు చేసింది నేనే అయినట్టు. అలాంటి నా నోరు వేరేవాళ్లు మూయిస్తే పాడేరు అమ్మాయి ఒకామె సీటు పోగొట్టుకుంది. ఆ సంగతే చెబుతాను.

నన్ను రాసింది యోహాను అనే ఇంజినీరు. విశాఖపట్నం మధురవాడలో ఒక చిన్న కంపెనీ. పేజీలకు కావలసిన బటన్లు, గడులు, జాబితాలు ముందే తయారుచేసి పెట్టుకుంటారు. ఒక్కోదాన్ని కాంపోనెంట్ అంటారు, ఆ సరంజామా మొత్తాన్ని లైబ్రరీ అంటారు. యోహాను జాబితా కాంపోనెంట్ తయారుచేసి దాని కడుపులో నన్ను పెట్టాడు. మొదట ఇంగ్లీషులోనే రాశాడు. తరవాత, ఇది మా అమ్మకు అర్థం కాదే అని గొణుక్కుని, తుడిచేసి తెలుగులో రాశాడు. ఆర్నెల్లకే వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. నేను హైమవతి చేతికి వచ్చాను.

హైమవతి పనిమంతురాలు. ఆమె చేతికి ఒక డిప్లొమా కౌన్సెలింగ్ వెబ్‌సైట్ పని వచ్చింది. పిల్లలు ముందు జిల్లా ఎంచుకుని, ఆ జిల్లాలో తమకు కావలసిన కాలేజీలను వరసగా పెట్టుకోవాలి. ప్రారంభోత్సవానికి ముందురోజు నడిపి చూస్తుంటే నేను రెండు మూడుసార్లు పైకి వచ్చాను. ఆమె పై ఉద్యోగి సత్తిబాబు కంట్లో పడ్డాను.

"రేపు పెద్ద ఆఫీసరుగారు వచ్చి బటన్ నొక్కుతారమ్మా. పదిమందిలో తెర మీద ఎర్రగా ఏదైనా అవుపడిందంటే పరువు పోద్ది. దాన్ని ఆపెయ్యి."

"ఎందుకొస్తుందో చూసి ఆపుతాను సర్."

"అది తరవాత చూద్దాం. ముందు ఆపెయ్యి."

ఆమె నా ముందు రెండు ఏటవాలు గీతలు పెట్టింది. ఆ గీతలు పెడితే వాక్యం చెరిగిపోదు. ఉన్నచోటే ఉంటుంది, కానీ ఎవరికీ కనపడదు. పక్కనే 'రేపు తీసెయ్యాలి' అని కూడా రాసుకుంది. కంప్యూటర్ పనివాళ్ల రేపు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. మర్నాడు కొబ్బరికాయ కొట్టారు. తెర మీద ఎరుపు వద్దన్నవాళ్లే మానిటర్‌కు ఇంత కుంకుమ బొట్టు పెట్టారు.

కొర్రా ప్రమీల పాడేరులో ఒక నెట్ సెంటర్లో కూర్చుని ఆప్షన్లు పెట్టింది. పశువైద్య డిప్లొమా చదవాలని ఆ అమ్మాయి కోరిక. ర్యాంకు మంచిదే. పక్కన వాళ్లన్నయ్య. కొండ మీద నెట్ నత్తనడక నడుస్తోంది. జిల్లా మార్చగానే నా కాంపోనెంట్ పాత జాబితా పారేసి కొత్తది తెచ్చుకోవాలి. ఆ సందులో కాలేజీ పేరు నొక్కితే పేరు తెర మీద కనపడుతుంది గాని లోపలికి చేరదు. ప్రమీల నొక్కిన పేర్లన్నీ సరిగ్గా ఆ సందులోనే పడ్డాయి. గీతల వెనక నేను గింజుకున్నాను. వాళ్లన్నయ్య వరస మళ్లీ ఒకసారి చదివి, బాగానే ఉందన్నాడు. ఫ్రీజ్ బటన్ నొక్కారు. ఇక మార్చడానికి లేదు.

సీట్లు ఇచ్చిన రోజు ప్రమీల పేరు ఎక్కడా లేదు. ఆమెకంటే వెనక ర్యాంకు వాళ్లకు ఆమె కోరిన కాలేజీల్లో సీట్లు వచ్చాయి. ఫిర్యాదు చేసింది. అధికారులు కంపెనీని అడిగారు: వెబ్‌సైట్‌లో లోపం ఉందని రాసిస్తే ఆ అమ్మాయికి సీటు ఇస్తాం, లేకపోతే లేదు.

హైమవతి తన మెషిన్‌లో నెట్ వేగం తగ్గించి, ప్రమీల నొక్కినట్టే నొక్కింది. ఏమీ రాలేదు. గీతలు తీసి మళ్లీ నొక్కింది. నేను వచ్చాను. చాలాసేపు నన్నే చూస్తూ కూర్చుంది. నాకు ఎంత సంతోషమేసిందో. ఇక ఆ పిల్లకు సీటు దొరికినట్టే అనుకున్నాను. నా పిచ్చిగాని.

"లోపముందని రాస్తే ఇంకా ఎంతమందికి అలాగయ్యిందో చెప్పమంటారు," అన్నాడు సత్తిబాబు. "కాంట్రాక్టు పోద్ది. నువ్వూ నేనూ ఇంటికే. రెండో విడతకి బాగుచేసీసి ఊరుకుందాం."

"ఆ అమ్మాయి తప్పేం లేదు సర్."

"లేదు. నాకూ తెలుసు. అయితే ఏటి చేద్దాం, చెప్పు."

 హైమవతి తన కుర్చీలోకి వచ్చి జాబితా బాగుచేసింది. నా ముందు గీతలు శాశ్వతంగా తీసేసింది. అదే కుర్చీలో కూర్చుని ఉత్తరం టైపు చేసింది: 'లోపమేదీ లేదు. ఉంటే అభ్యర్థికి తెర మీద ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక కనపడి ఉండేది.' నోరు మూయించిన నన్నే సాక్షిగా నిలబెట్టింది. నాకు సిగ్గేసింది.

అధికారులు ఆ ఉత్తరమే ప్రమీలకూ పంపారు. మూడో రోజు మధ్యాహ్నం హైమవతి ఫోను మోగింది. హెల్ప్‌లైన్ వాళ్లు ప్రమీలను కలిపారు.

"మేడమ్, తప్పుంటే ఎర్రగా వస్తాదని ఉత్తరంలో రాశారు కదండీ. నాకైతే రాలేదండి."

హైమవతి నేనున్న ఫైలు మూసేసింది.  

"అయితే నేనే సరిగ్గా నొక్కలేదేమోనండి. అన్నయ్యే సరిగ్గా చూడలేదని ఇంట్లో అందరూ తిడతన్నారు. కాదు, తప్పు నాదేనని చెప్పీస్తానండి."