పట్టికలో ఆఖరి గడి

మ్యూజియం వెనక గది కిటికీలకు ఆకుపచ్చ అద్దాలు. మధ్యాహ్నం ఎండ వాటిలోంచి దిగితే గదికి గది నీళ్లలో మునిగినట్టుంటుంది. బొమ్మలు గీసే ఆవిడ ఆ వెలుగులో కూర్చుని ఎర్రగొంతు హమ్మింగ్‌బర్డ్ అనే బుల్లి పిట్టకి చివరి ఈక దిద్దింది. ఎదురు బల్ల దగ్గర అక్షరాలు రాసే ఆయన పసుపు చుక్కల సాలమాండర్ గురించి ఇంకా రాస్తూనే ఉన్నాడు. చూడ్డానికి బల్లిలా ఉన్నా కప్పలకు చుట్టం అది. ఆయన్ని అందరూ నింపాదయ్య అంటారు. ఆయన ఒక్క సున్నా చుట్టేలోపు ఆవిడ టీ తాగి, కప్పు కడిగి, ఎవరితోనైనా ఓ తగువు కూడా తీర్చుకుని రాగలదు.

మూడు నెలల క్రితం, ఇదే గదిలో, పెళ్లి చేసుకుందామా అని ఆవిడే ఆయన్ని అడిగేసింది. ఆలోచించి చెబుతానన్నాడు. ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు. తొందరపడి చులకనయ్యానని ఆవిడ లోలోపల కుమిలిపోయింది. వేరే ఊరికి బదిలీ అడిగింది. కాగితం వచ్చింది. సాయంత్రంలోగా సంతకం పెడితే రేపటినుంచి ఈ పచ్చటి వెలుగూ ఉండదు, ఈయనా ఉండడు.

కలిసి చేస్తున్న చివరి పని ఈ రెండు జీవులనూ పోల్చే ఈ పట్టిక. పిట్ట రెక్కలు సెకనుకు యాభైసార్లు ఆడతాయి. సాలమాండర్ ఏడాదిలో చాలాభాగం మట్టిలో నక్కి ఉంటుంది. పిట్టకు పూట గడవాలంటే వందల పూల చుట్టూ తిరగాలి. సాలమాండర్‌కేమో ఓ వానపాము దొరికితే చాలు. చదివేకొద్దీ ఇదంతా ఎవరి గురించో తెలిసి ఆవిడకు ఒళ్లు మండింది.

రంగు ఆరేదాకా కళ్లు మూసుకుంది. కునుకులో పిట్ట సముద్రం దాటుతోంది. ఎక్కడో తొలి వానకు సాలమాండర్ మట్టిలోంచి లేచి ఒక్కో అడుగే వేస్తోంది. త్వరగా రావేం అని కలలోనే కసిరింది. అది తల తిప్పలేదు, ఆగనూ లేదు.

కళ్లు తెరిచేసరికి ఆయన పట్టిక పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆఖరి గడి నిండింది.

‘ఏటా వసంతంలో పిట్ట తన తోటకు ఎగిరి వస్తుంది. సాలమాండర్ తన కుంటకు నడిచి వస్తుంది. ఆలస్యమైనా ఇద్దరూ వస్తారు.’

ఆవిడకు ముందు తప్పే కనిపించింది.

“రెండూ వస్తాయి అని కదండీ ఉండాలి? ఇద్దరూ అంటే మనుషులకి.”

“తెలుసండి,” అన్నాడాయన.

పన్నెండేళ్లలో ఆయన ఒక్క అక్షరం తప్పు రాసి ఎరగడు. ఆవిడకు కళ్లు నిండిపోయాయి. ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“దిద్దమంటారా?” అని ఆయన తడి కుంచె ఎత్తాడు.

ఆవిడ దాన్ని లాక్కుని, బదిలీ కాగితంతో శుభ్రంగా తుడిచేసింది.